అత్త వద్దన్న చుట్ట

మా అత్తకి చుట్ట మానమని చెప్పడానికి విశాఖలో పెద్ద డాక్టరే కావలసివచ్చాడు. మాది అరకు. మా వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంటారు కాబట్టి చూసేవాళ్లకి నిప్పు కనబడదు. అందుకే ఆవిడ మానేశానంటే ఇంట్లో అందరూ నమ్మారు. కోడల్ని కదా, నేను నమ్మలేదు.

జన్మంతా సంతకి తట్టలు మోసి మోసి ఆవిడ మెడపూసలు అరిగాయి. నరం నొక్కుకుపోయి చేతులు పట్టు తప్పాయి. గ్లాసు పట్టుకోలేని ఆ చేతులు చుట్టని మాత్రం జారనిచ్చేవి కావు.

"మెడకి ముందు నుంచి ఆపరేషన్. గొంతు వాస్తే ఊపిరికి కష్టం, పొగ తాగేవాళ్లకి మరీను," అన్నాడు డాక్టరు. అత్త బుద్ధిగా తలూపింది. బయటికొచ్చాక నోరు వాసన చూడబోయాను.

"ఏటే గుంటా, నువ్వేటి పోలీసోడివా?" అని కసిరింది.

ఆపరేషన్ రోజు చీర మారుస్తుంటే రొంటిలో చుట్ట దొరికింది. తీసి నా సంచిలో వేసుకున్నాను.

ఆపరేషన్ బాగానే అయింది. తల వైపు మంచం ఎత్తి పడుకోబెట్టారు. పక్కన మూతపెట్టిన ట్రే ఉంది. ఎందుకని నర్సుని అడిగాను.

"లోపల రక్తం చేరి గొంతు నొక్కితే కుట్లు ఇక్కడే విప్పాలి. గొంతు మారినా, ఉమ్మి మింగలేకపోయినా, పడుకోలేక లేచి కూర్చుంటానన్నా వెంటనే పిలవండి," అంది.

మధ్యాహ్నం అత్త రెండు వేళ్లు పెదాలకి ఆనించి సైగ చేసింది. చుట్ట తీసి దూరం నుంచి చూపించి మళ్లీ దాచేశాను. గుడ్లురిమింది. నాకు భలే సరదా వేసింది.

సాయంత్రం మళ్లీ చూపించాను. ఈసారి చూడలేదు. ముక్కు దగ్గరికే తీసుకెళ్లాను. నా చెయ్యి తోసేసింది. అత్త చుట్ట వద్దంది! లేచి కూర్చోవాలని పెనుగులాడుతోంది. పెదవి చివర ఉమ్మి కారుతోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను అరిచిన అరుపుకి వార్డంతా ఉలిక్కిపడింది. డాక్టరు పరుగున వచ్చి ట్రే మూత తీశాడు. మంచం మీదే కుట్లు కత్తిరించి, గడ్డకట్టిన రక్తం తీసేశాడు. అత్త ఊపిరి పీల్చుకుంది. ఆ చప్పుడు విని గోడకి జారబడి ఏడ్చేశాను. మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి, వాపు తగ్గేదాకా గొంతులో గొట్టం ఉంచారు.

గొట్టం తీశాక, "ఏదైనా మాట్లాడమ్మా," అన్నాడు డాక్టరు. ఆవిడ ఆయన్ని చూడలేదు, నా సంచిని చూసింది.

"అదుందా, పారేసినావా?" అంది బొంగురుగా.

పారేశానన్నాను. పారెయ్యలేదు. ఇప్పటికీ ఆవిడ కాస్త నలతగా కనబడితే చాలు, సంచిలోంచి తీసి చూపిస్తాను. ఇచ్చేది లేదు గానీ, ఆవిడ చెయ్యి చాపాకే నేను నిశ్చింతగా పనికి పోతాను.