హైమవతి టీచరు మార్చిన తేదీ

నూజివీడులో అర్జీ రాయించుకోవాలంటే హైమవతి టీచరు గారింటికే వెళ్ళాలి. రేషను కార్డులో పేరు తప్పు పడినా, పెన్షను ఆగినా, కరెంటు స్తంభం పక్కింటి మీదికి ఒరిగినా ఆవిడే దిక్కు. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ రాత చూడగానే గుమాస్తాలు కాగితాన్ని పైన పెడతారని ఊళ్ళో చెప్పుకునేవారు. "ఛ, ఊరుకోండి" అనేవారు గానీ లోలోపల మురిసిపోయేవారు. ఎవరు మాత్రం మురిసిపోరు!

ఆవిడకి ఒక పట్టింపు ఉంది. పుట్టింటివారు తరతరాలుగా అర్చకులు. పంచాంగం చూడకుండా కాగితం మీద తేదీ వెయ్యరు. అమావాస్య నాడు ఒక పని మొదలుపెడతామంటే చస్తే రాయరు. రెండు రోజులు అటు జరిపి, "ఇదే మంచిది లెండి" అని సర్దిచెప్పేవారు. ఎవరూ కాదనేవారు కాదు.

హరిచందన మాత్రం కాదనే రకం. ముసునూరు పిల్ల. పదో తరగతి దాకా టీచరు గారి దగ్గరే చదివి, ఇప్పుడు లా చదువుతోంది. వాళ్ళ మామిడితోటలకి ఎగువన గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి వెలిసింది. దాని మురుగు దిగి బోర్లలో నీళ్ళు కంపు కొడుతున్నాయి. ముప్పై మంది రైతుల్ని కూడగట్టుకుని, సోమవారం ఫ్యాక్టరీ గేటు ముందు ఊరికే కూర్చుంటాం, పోలీసు పర్మిషన్‌కి అర్జీ రాసిపెట్టండని వచ్చింది. టీచరు గారు పంచాంగం తిరగేశారు. సోమవారం అమావాస్య. మంగళవారం పాడ్యమి. బుధవారం విదియ, దివ్యంగా ఉంది. బుధవారమనే రాసేశారు. ఇప్పుడే చెబితే ఈ పిల్ల పకపకా నవ్వుతుంది. సాయంత్రం ఫోన్ చేసి మెల్లిగా చెబుదాంలే అనుకున్నారు.

హరిచందన చదవకుండానే అరుగు మీద వంగి సంతకం పెట్టింది. స్కూటీ తాళం కూడా తియ్యలేదు.

"అంతా చూశారుగా టీచర్ గారూ?"

"చూశానమ్మా."

సాయంత్రం ఆవకాయకి కాయలొచ్చాయి. ముక్కలు కొట్టే మనిషి ఇవాళ తప్పితే మళ్ళీ వారం దాకా దొరకనన్నాడు. ముక్కలు తుడవడం, కారం కలపడం, జాడీలకి వాసెన కట్టడం. ఆ గొడవలో ఫోన్ సంగతి మర్చిపోయారు. మర్చిపోయారంతే, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

సోమవారం పదకొండింటికి గేటు దగ్గరికి జీపులొచ్చాయి. బుధవారానికి పర్మిషన్ అడిగి ఇవాళ ఎలా కూర్చున్నారన్నారు పోలీసులు. "మేం సోమవారమనే అడిగాం" అంది హరిచందన. రైతుల్ని సాయంత్రానికి వదిలేశారు. ఆ పిల్లని మాత్రం రిమాండుకి పంపారు. పోలీసుల కళ్ళుగప్పడానికే బుధవారమని రాసిచ్చి, రెండు రోజుల ముందే జనాన్ని పోగేసిందని కోర్టులో చెప్పారు. బెయిలు రాలేదు.

ఊళ్ళో అందరిదీ ఒకటే మాట. టీచరు గారు తప్పు రాస్తారా? కాగితం స్టేషన్లోనే మార్చి ఉంటారు. అర్జీలు తీసుకునే రైటరు సువర్ణరాజు పనే ఇది! హరిచందన కేసు చూస్తున్న లాయరు ప్రేమ్‌చంద్ జెరాక్సు కాపీ తెచ్చి టీచరు గారి ముందు పెట్టాడు.

"బుధవారం అన్నచోట దిద్దినట్టుందా, కొంచెం చూసి చెప్పండి టీచర్ గారూ."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. "జెరాక్సు కదా బాబూ, సరిగ్గా కనిపించట్లేదు" అన్నారు. ఆ ముక్క నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు.

ఆ మర్నాడే విడుదల కోసం సంతకాల సేకరణ మొదలుపెట్టారు. ఎవరూ అడగలేదు, ఆవిడే పూనుకున్నారు. మామిడి షావుకారు లక్ష్మీనారాయణ తన మండీలో బల్ల వేయించాడు. బాపులపాడు వెళ్ళారు, చాట్రాయి వెళ్ళారు, రోహిణి ఎండలో గొడుగేసుకుని గడప గడపా ఎక్కారు. అయ్యో పాపం, ఈ వయసులో శిష్యురాలి కోసం ఎంత తాపత్రయమండీ అని జనం మజ్జిగ ఇచ్చేవారు. కాగితం ముందుకు జరిపితే ఒక్కరైనా చదివితే ఒట్టు.

"మీరు చూశారుగా టీచర్ గారూ, ఇంక నేను చదివేదేముంది!"

ప్రతిచోటా ఇదే మాట. ఇంటికొచ్చి కుళాయి తిప్పితే అదే మాట, గేటు కిర్రుమంటే అదే మాట. మిట్టమధ్యాహ్నం వీధి తలుపు తీస్తే అరుగు మీద వంగి సంతకం పెడుతున్న వీపు కనిపించేది. రెప్ప వేసి చూస్తే అక్కడ ఎవరూ ఉండరు. ఆవిడ ఆ అరుగు మీద కాలు పెట్టడం మానేశారు. పెరటి గుమ్మంలోంచే రాకపోకలు. చెప్పెయ్యాలనే అనుకునేవారు. ఈ వెయ్యి సంతకాలూ పూర్తి కానీ, చెబుతాను. రెండు వేలు కానీ. ఇంత తిరుగుతున్నాగా, ఇది ఆ తప్పుకి చెల్లు కాదా? మనసుకి నచ్చజెప్పుకోవడంలో చదువుకున్నవాళ్ళని మించినవాళ్ళు లేరు!

నలభై తొమ్మిదో రోజున రెండో బెయిలు కూడా కొట్టేశారు. హరిచందన తల్లి విజయలక్ష్మి కోర్టు నుంచి తిన్నగా సువర్ణరాజు ఇంటికి నడిచింది. వద్దు వద్దంటూ టీచరు గారు వెనకాలే పరిగెత్తారు. విజయలక్ష్మి దోసిలితో మట్టి ఎత్తి అతని గుమ్మంలో పోసింది.

"నా బిడ్డ ఉసురు నీ బిడ్డలకి తగలకపోతే చూడు!"

సువర్ణరాజు చొక్కా కూడా వేసుకోకుండా బయటికొచ్చి చేతులు జోడించాడు. "అమ్మా, నేను దాని మీద కలం పెట్టలేదమ్మా. ఆ కాగితం అట్టాగే వచ్చింది. నా పిల్లల మీద ఒట్టు." వెనక కిటికీలోంచి ఇద్దరు ఆడపిల్లలు చూస్తున్నారు.

"టీచర్ గారూ, మీరైనా చెప్పండి వీడికి!" అంది విజయలక్ష్మి.

టీచరు గారు నోరు తెరిచారు. "పదమ్మా, పోదాం" అన్న మాటే వచ్చింది. ఆ పూట ఆవిడ అన్నం ముందు కూర్చుని లేచిపోయారు.

మర్నాడు ములాఖత్‌కి జైలుకి వెళ్ళారు. ఇనప జాలీకి అవతల హరిచందన సగానికి చిక్కిపోయి ఉంది. ఆవిణ్ణి చూడగానే ముఖం విప్పారింది. ఆ ముఖం చూస్తూ చెప్పాల్సి రావడం కంటే పెద్ద శిక్ష ఏం కావాలి? అమావాస్య అన్నారు, విదియ అన్నారు, ఆవకాయ అన్నారు, జెరాక్సు కాగితం సంగతి కూడా దాచుకోకుండా చెప్పారు.

హరిచందన నవ్వలేదు. "ఎప్పటినుంచి తెలుసు మీకు?" అంది.

"నిన్ను తీసుకెళ్ళిన రోజు సాయంత్రమే తెలిసిందమ్మా."

ఆ పిల్ల వేళ్ళు ముడుస్తూ రోజులు లెక్కపెట్టుకుంది. ఇంకా పది నిమిషాలు టైముంది. అయినా వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

టీచరు గారు అక్కణ్ణుంచి తిన్నగా ప్రేమ్‌చంద్ దగ్గరికి వెళ్ళి అఫిడవిట్ రాసిచ్చారు. సువర్ణరాజు ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి వీధిలో వాళ్ళందరూ వినేలా చెప్పారు. అతను మంచినీళ్ళివ్వబోతే పుచ్చుకోలేకపోయారు. జడ్జి గారు కాగితం చదివి ఆవిడకేసి ఒకసారి చూశారు. యాభై నాలుగో రోజున హరిచందన బయటికొచ్చింది.

జైలు గేటు దగ్గర దండలు పట్టుకుని పాతికమంది ఉన్నారు. తల్లి ఏడుస్తోంది. టీచరు గారు దూరంగా, వేపచెట్టు కింద నిలబడ్డారు. లక్ష్మీనారాయణది మంచి మనసు, ఎక్కడ ఏం మాట్లాడాలో మాత్రం తెలియదు. హరిచందనని ఆవిడ దగ్గరికి నడిపించుకొచ్చాడు.

"అయిందేదో అయిందమ్మా. నీకోసం ఎండనకా వాననకా తిరిగి రెండు వేల మూడొందల సంతకాలు పెట్టించారు!"

హరిచందన ఆవిడ కళ్ళలోకి చూసింది. కోపం లేదు. కోపమన్నా ఉంటే బాగుండేదనిపించింది టీచరు గారికి.

"మీదొక్కటి సరిపోయేదండీ" అంది హరిచందన. తల్లి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది.