నందిగామ వెళ్లిన కాలు

మా సేవా క్లబ్బులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. జగ్గయ్యపేటలో మందుల షాపు నడుపుకునేదాన్ని, నాకెందుకీ క్లబ్బు అంటారా? ఓసారి రక్తదాన శిబిరానికి దూదీ స్పిరిటూ ఊరికే ఇచ్చిన పాపానికి నన్ను చేర్చుకున్నారు. చేతిరాత బాగుందని సెక్రటరీని చేశారు. సెక్రటరీ అంటే ఏమిటో తర్వాత తెలిసింది. మిగతావాళ్లంతా మాట్లాడతారు, సెక్రటరీ కుర్చీలు వేయిస్తుంది.

మావాళ్లు మంచి పనులు చేయరని నేననను. ముసలివాళ్లకు కళ్ల ఆపరేషన్లు చేయించారు, క్వారీ కూలీలకు దగ్గు పరీక్షలు చేయించారు. కానీ మాకో ఆచారం ఉంది. ఏది ఇచ్చినా ఫోటో దిగాలి, ఆ ఫోటోలో ప్రతి ఒక్కరి చెయ్యీ ఆ వస్తువు మీద పడాలి. చెయ్యి పడనివాడు సేవ చేయనట్టే. చలివేంద్రం తెరిచిన రోజు ఒక్క మజ్జిగ గ్లాసును తొమ్మిది మంది పట్టుకున్నారు. తాగాల్సిన పెద్దాయన వాళ్లెప్పుడు వదులుతారా అని గుటకలు మింగుతూ నిలబడ్డాడు. కళ్లజోడు ఇచ్చేటప్పుడైతే ఇంకా కష్టం, అందులో పట్టుకోవడానికి చోటే ఉండదు.

మా షాపు వెనక ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఉంది. నాకంటే పదేళ్లు పెద్దది, అక్కా అని పిలుస్తాను. నిరుడు చిల్లకల్లు దగ్గర ఆటో తిరగబడితే ఆమె ఎడమకాలు మోకాలి కిందనుంచి తీసేశారు. అప్పటినుంచి ఆమె బదులు ఆడపడుచు వండిపెడుతోంది. ఎన్నాళ్లని వండుతుంది? హెడ్‌మాస్టరు గారు కూడా ఆగలేక చెప్పేశారు. సెలవులయ్యి బడి తెరిచే సోమవారానికి ఆమె వచ్చి నిలబడి వండితే సరే, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. భర్త లేని మనిషి. ఆ గరిటె పోతే ఆమెకు ఇంకేమీ లేదు.

ఆమెకు కాలు పెట్టించాలని మా క్లబ్బూ నందిగామ క్లబ్బూ కలిసి అనుకున్నాయి. సగం ఖర్చు ఎక్కడో మంచు కురిసే దేశంలోని మాలాంటి క్లబ్బు పెట్టుకుంది. అక్కడి ముసలమ్మలు ఆదివారాలు కేకులు చేసి అమ్మి, మొహం కూడా ఎరగని జగ్గయ్యపేట మనిషి కాలి కోసం పంపించారు. మేమూ తక్కువ తినలేదు. అంతకుముందు వాళ్ల ఊరికి వరదలొస్తే గోంగూర పచ్చడి పంపాం. బ్రెడ్డుకు రాసుకుని తిన్నామనీ, ఊరంతా నీళ్లున్నా తాగడానికి చాలలేదనీ జవాబు రాశారు.

చిక్కల్లా ఏమిటంటే, మా ప్రెసిడెంటూ నందిగామ ప్రెసిడెంటూ తోడల్లుళ్లు. అత్తారింట్లో ఎవరికి ముందు వడ్డించారన్న తగువు ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. ఇద్దరూ సేవలోకి వచ్చింది సేవ కోసమే, కాకపోతే ఒకరికంటే ఒకరు ఎక్కువ చేయాలి.

విజయవాడలో అక్కకు కొలతలు తీసుకుని, కాలు తొడిగి, వారం రోజులు నడిపించి చూశారు. అంచు గుచ్చుకుంటోందని ఆమె చెబితే సరిచేయడానికి ఉంచుకున్నారు. గురువారం మా ప్రెసిడెంటు కారులో వెళ్లి దాన్ని తెచ్చారు. ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టారు. దారిలో నందిగామ వచ్చింది, ఆయన ఆగలేదు.

శుక్రవారం మా హాల్లో ఫోటో. కాలికి బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. పదకొండు మందిమి చేతులు వేశాం. చోటు చాలక ఒకాయన బొటనవేలు పట్టుకున్నాడు.

"ఆవిడని పిలవలేదేమండీ?" అన్నాను.

"ఆదివారం సభలో ముఖ్య అతిథి చేత ఇప్పిస్తాం కదండీ. ఇప్పుడే చూస్తే సర్‌ప్రైజ్ ఏముంటది?" అన్నారు ప్రెసిడెంటు.

ఎవరి కాలు వాళ్లకు సర్‌ప్రైజ్ ఏమిటో నాకు బోధపడలేదు. అయినా నోరు మూసుకుని నేనూ రెండు చేతులూ వేశాను.

ఫోటో వాట్సాప్‌లో పడిన పావుగంటకు నందిగామ నుంచి ఫోన్. "అన్నయ్యా, ఆ కాల్లో మాకూ వాటా ఉంది. మా ఊరి మీదుగా పోతా హారనన్నా కొట్టలేదే!" శనివారం కాలు నందిగామ వెళ్లింది. అక్కడ మళ్లీ దండ, మళ్లీ చేతులు. అంతటితో ఊరుకున్నారా? కొత్త బండి కొంటే పరిటాల తీసుకెళ్లి ఆంజనేయస్వామికి చూపిస్తాం కదా, కొత్త కాలికి చూపించొద్దా అన్నాడట ఒక మహానుభావుడు. తీసుకెళ్లి, కొబ్బరికాయ కొట్టి, పాదం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. ఆ ఫోటో కూడా వచ్చింది. అన్నీ మంచుదేశానికి పంపాం. కేకులు చేసిన ఒక ముసలమ్మ వెంటనే రాసింది. కాలు చాలా బాగుందట, వేసుకునే మనిషి ఏదని అడిగింది.

ఆదివారం పొద్దున్నే, నందిగామలో పెట్టుకున్న సభకు ముఖ్య అతిథి రావడం లేదని కబురొచ్చింది. సభ వచ్చే వారానికి వాయిదా వేశారు, కాలు అప్పటిదాకా నందిగామలోనే ఉంటుందన్నారు. రేపు బడి తెరుస్తారని ఎవరికీ గుర్తులేదు. నాకు ఒళ్లు మండిపోయింది. షాపు మూసి అక్క ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నా కాలు నందిగామ ఎళ్లిందా మేడంగారూ?"

"పరిటాల కూడా వెళ్లొచ్చింది."

"మంచిదేలెండి, చర్చికి నేను తీసకెళ్తా. ముందు పదండి, తెచ్చుకుందాం. నేను లేకుండా శానా ఊళ్లు తిరిగేసింది" అని చంక కర్రలు అందుకుంది.

బస్సులో కండక్టరు ఎక్కడికమ్మా అని అడిగితే, "నందిగామండి. నా కాలు తెచ్చుకోడానికి" అంది. ఆయన ఇంకేమీ అడగకుండా టిక్కెట్లు కొట్టాడు.

నందిగామ ప్రెసిడెంటుకు మోటారు పంపుల షాపు ఉంది. సభ వాయిదా పడినా టిఫిన్లు ముందే చెప్పేశారు కాబట్టి రెండు క్లబ్బులూ అక్కడే ఉన్నాయి. కాలు అద్దాల బీరువాలో రెండు షీల్డుల మధ్య దండతో నిలబడి ఉంది.

"అయ్యగారూ, తొడుక్కోవచ్చాండి?" అని అడిగింది అక్క.

ఇడ్లీ ముక్కలు చేతుల్లోనే ఆగిపోయాయి. ఎవరో తాళం వెతికారు. నేను దండ తీసి, బొట్టు తుడిచి ఇచ్చాను. ఆమె స్టూలు మీద కూర్చుని తొడుక్కుని, పట్టీ బిగించుకుని, మెల్లగా లేచి నిలబడింది.

అంతే, అలవాటు ఊరుకుంటుందా, అందరూ లైను కట్టేశారు. ఫోన్లు లేచాయి. చేతులు ముందుకొచ్చాయి. వచ్చి గాల్లోనే ఆగిపోయాయి. పరాయి ఆడమనిషి కాలు పట్టుకుని ఫోటో ఎలా దిగాలో ఎవరికీ తెలియలేదు. ఒకాయన చేతులు కట్టుకున్నాడు, ఒకాయన జేబుల్లో పెట్టుకున్నాడు. తోడల్లుళ్లిద్దరూ వేరే దారిలేక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

అక్క ఇవేమీ చూడలేదు. ఒక అడుగు వేసింది. బల్ల పట్టుకుని ఇంకొకటి. గుమ్మం వైపు నడుస్తూనే ఉంది.

"ఆగమ్మా, ఆగాగు, ఫోటో!" అని అరిచారు నందిగామ ప్రెసిడెంటు.

"ఏడాది నుంచి ఆగే ఉన్నానండి" అని వెనక్కి తిరగకుండానే చెప్పి గుమ్మం దాటింది.

నాకు సిగ్గేసింది. శుక్రవారం ఫోటోలో రెండు చేతులూ వేసినదాన్ని నేనొక్కదాన్నే. చంక కర్రలు పట్టుకుని ఆమె వెనకే పరిగెత్తాను.

సోమవారం పదకొండింటికి నొప్పి బిళ్లలు తీసుకుని బడికి వెళ్లాను. వంటగదిలో నిలబడి సాంబారు తిప్పుతోంది. మొహమంతా చెమట.

"నొప్పిగా ఉందా అక్కా?"

"ఉందండి" అని బిళ్లలు తీసుకుని బొడ్లో దోపుకుంది. "కూకుంటే పుట్టే నొప్పికన్నా ఇది నయం మేడంగారూ. కాస్త పక్కకి జరగండి, పిల్లలొచ్చేస్తారు."