మిద్దెమీది మట్టి ఎద్దులు

మా మనవరాలి కోసం కొత్తచెరువు అంగట్లో కొన్న బొమ్మల మట్టి పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. వాసన లేని మట్టిని నేను నమ్మను. కానీ రేపే మట్టి ఎద్దుల అమావాస్య, ఆరేళ్ల పిల్ల అప్పటికే చేతులు చాపుకుని కూర్చుంది.

నా చిన్నప్పుడు, బత్తలపల్లె దగ్గరి మా పల్లెలో, ఈ అమావాస్యకు మా అవ్వ చెరువులోంచి నల్లటి బంకమట్టి తెప్పించేది. ఊరంతా ఎర్రనేలే, ఆ నల్లమట్టి చెరువులో తప్ప దొరికేది కాదు. వసారాలో ఓళిగల బెల్లం పూర్ణం వాసనా తడిమట్టి వాసనా కలగలిసిపోయి ఉండగా, అవ్వ బొటనవేలితో మూపురాలు ఒత్తేది, నేను ఉలవగింజలతో కళ్లు పెట్టి కొమ్ములకు పసుపు రాసేదాన్ని. పూజయ్యాక ఆ జతను మిద్దెమీద పెట్టేవాళ్లం. అవి వానకు కరిగేదాకా కొట్టంలోని ఎద్దులను అమ్మకూడదన్నది మా ఇంటి కట్టుబాటు.

ఒక ఏడు వాన రాలేదు. గడ్డివామి అడుగంటింది, ఎద్దుల డొక్కలు లోపలికి పోయాయి.

"గడ్డి ల్యాదు, నీళ్లు ల్యావు. కట్టేసి చంపమంటావామ్మా?" అని నాయన అరిచాడు.

"మిద్దెమీదివి కరగనీ. అంతవరకూ పలుపు ఇప్పేది ల్యా" అని అవ్వ కొట్టానికి అడ్డం కూర్చుంది.

అప్పటినుంచి నాకు నాయన మీదే అనుమానం. ఆయన చెంబు పట్టుకుని లేస్తే చాలు, బొమ్మల మీద నీళ్లు పోస్తాడేమోనని వెనకాలే పోయేదాన్ని. అయినా ఒక పొద్దున మిద్దె ఎక్కేసరికి ఎద్దుల జత లేదు, నల్లటి బురద ముద్ద ఉంది. చుట్టూ మిద్దె మన్ను పొడిపొడిగా ఉంది, ఒక్క చినుకు మచ్చ లేదు. రెండు ఎద్దుల మీదే కురిసిపోయే వాన ఎక్కడైనా ఉంటుందా!

నాయన పలుపులు విప్పాడు. అవ్వ అడ్డం రాలేదు. కాలువ కింద సేద్యం చేసే రైతు కొనుక్కున్నాడని, మేతకు లోటుండదని నాయన సంత నుంచి వచ్చి చెబితే నేను అదీ నమ్మలేదు. ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం అవ్వ నా తట్టలో సంగటి ముద్ద పెడుతుంటే ఆమె గోళ్లలో నల్లమట్టి కనిపించింది.

"అవ్వా, నువ్వేనా?"

"మెల్లగా మాట్లాడే. మేత పెట్టలేనోళ్లకి కట్టేసుకునే హక్కు యాడిది పాపా?" అంది. ఆ పూట ఆమె ముద్ద ముట్టలేదు. నాకు దుఃఖం ఆగలేదు. నాయన నిజంగా వానే అనుకున్నాడో, తెలిసీ ఊరుకున్నాడో, ఇప్పటికీ నాకు అనుమానమే.

ఇదంతా చెబుతూ మనవరాలితో జత చేయించాను. అది ఎద్దులను వాళ్ల నాన్న ఫోన్లో తప్ప ఎక్కడా చూడలేదు, అందుకే మూపురం వీపు చివర పెట్టింది. బొమ్మలను వరండా గోడమీద నిలబెట్టి, లోపలికెళ్లి స్నానాల గదిలోని మగ్గు తెచ్చి తన దిండు కింద దాచుకుంది.

"అదెందుకే?" అన్నాను.

"నువ్వు గూడా అవ్వవే కదా" అంటూ నా చేతులకేసి అనుమానంగా చూసింది.

పల్లెలో మా కొట్టం పడిపోయి ఎన్నాళ్లయిందో. కాపాడుకోవడానికి మనకు ఎద్దులే లేవని ఆ పిల్లకు చెప్పలేకపోయాను.