‘వెళ్ళిపోతాను’ అనే బటన్

నేను ఫారాలు చేస్తాను. పెళ్ళిళ్ళలో ఎవరైనా "సాఫ్ట్‌వేరా? అంటే ఏం చేస్తావమ్మా?" అని అడిగితే ఇదే చెబుతాను. వాళ్ళ ముఖం కాస్త వాడిపోతుంది. నేను రాకెట్లు పంపిస్తున్నానని అనుకునేవాళ్ళు కాబోలు.

ఒక పేజీలో పేరూ వయసూ, తర్వాతి పేజీలో జబ్బులూ మందులూ, ఆ తర్వాత ఇంకేవో అడిగే పొడుగాటి ఫారం ఉంటుంది చూశారూ, అందులో మనిషి పేజీ మారినప్పుడల్లా వెనక చెప్పినవి పోకుండా కాపాడటం నా పని. వినడానికి పిల్లలాటలా ఉంటుంది గానీ, బ్రౌజర్‌కు మతిమరుపు ఎక్కువ. వెనక్కి బాణం నొక్కినా, మధ్యలో ఎవరైనా ఫోన్ చేసినా, మెట్రో సొరంగంలోకి దిగి సిగ్నల్ పోయినా, అప్పటిదాకా ఓపిగ్గా చెప్పినవన్నీ గాలికి కొట్టుకుపోతాయి. మళ్ళీ సిగ్గు లేకుండా "మీ పేరు?" అని మొదలుపెడుతుంది. అలాంటి ఫారం నా చేతికొస్తే ఫోన్ గోడకేసి కొట్టాలనిపిస్తుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఊరికే అనలేదు.

మా ఆఫీసు ఉన్న చెన్నైలోనే ఒక ఆసుపత్రికి, ఆపరేషన్ కోసం చేరేవాళ్ళు ముందుగా నింపాల్సిన ఫారం మా కంపెనీ చేసింది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే రోగులు ఎక్కువ కాబట్టి తెలుగులోనూ కావాలన్నారు. మా జట్టులో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. మాటలు వేరే ఎక్కడో అనువాదాల కంపెనీలో తయారై వచ్చేవి. నేను తెచ్చి బటన్ల మీద అతికించేదాన్ని. అతికించేటప్పుడు చదివానా అంటే చదివాను. అర్థమైందా అంటే, అక్షరాలు అర్థమయ్యాయి.

నేను ఉండేది చెన్నైలో చూలై అనే పేటలో, ఒక పాత ఇంట్లో పై వాటాలో. కింద వాటాలో ఇంటివాళ్ళు. ఆవిడను పిన్నీ అంటాను, ఆయన్ను బాబాయీ అంటాను. చుట్టరికం ఏమీ లేదు. తాతల నాటి నుంచీ మద్రాసులో స్థిరపడిన తెలుగువాళ్ళు. బాబాయి వీధి చివర మిఠాయి దుకాణాలకు అట్టపెట్టెలు చేసే వర్క్‌షాప్ నడుపుతారు. మాది ఒంగోలు వైపు. వచ్చిన కొత్తలో పిన్ని తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. పైకొచ్చి గుమ్మంలో నిలబడి "సుమ్మా వచ్చినానమ్మే" అంటే ఎవరో సుమ్మ అనే ఆవిడ కూడా వచ్చిందేమోనని ఆవిడ వెనక చూశాను. "ఊరికే" అని దాని అర్థమట. ఇప్పటికీ ఆ మాటతో నన్ను ఏడిపిస్తుంది.

మొదటి వానాకాలంలోనే నాకు డెంగ్యూ వచ్చింది. అమ్మ రైలెక్కి వచ్చేలోపు పిన్ని నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. నేను వద్దన్నకొద్దీ గంజి తాగించింది, తాగకపోతే తిట్టింది. బాబాయి రక్త పరీక్షల కోసం నన్ను ఆటోలో తీసుకెళ్ళి, వరుసలో నా బదులు ఆయన నిలబడ్డారు. వాళ్ళకు నేను అద్దెకున్న మనిషిని, అంతే కదా! ఆ తర్వాత ఇంకో ఇల్లు చూసుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఈ మధ్య బాబాయి వర్క్‌షాప్ మెట్లెక్కుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. గుండెకు వెళ్ళే రక్తనాళాలు పూడుకుపోయాయి, బైపాస్ చేయాలి, నాన్చొద్దు అన్నాడు డాక్టరు. తేదీ కూడా ఇచ్చాడు. అయితే శుక్రవారం సాయంత్రంలోగా ఫారం పంపితేనే ఆ తేదీ నిలుస్తుంది. లేకపోతే వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎప్పుడో చెప్పలేమన్నారు. ఆసుపత్రి పేరు వినగానే నాకు తెలిసిపోయింది. అది మేం చేసిన ఫారమే.

బాబాయి మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు. దీపావళి ఆర్డర్లు అయిపోనీ అన్నారు. పెట్టెలు మడిచే మిషన్ బాగవనీ అన్నారు. పిన్ని విసిగిపోయి, "దీపావళి ప్రతి ఏడూ వస్తాది. నువ్వు వస్తావా?" అని ముఖం మీదే అడిగేసింది. ఆ దెబ్బకు నోరు మూసుకుని, సరే నింపమన్నారు.

మంగళవారం సాయంత్రం కింద వాటాలో పిన్ని ఫోన్ పట్టుకుని కూర్చుంది, నేను పక్కన. బాబాయి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు, ఏ క్షణాన జారుకుందామా అన్నట్టు. మొదటి పేజీ బాగానే గడిచింది. రెండో పేజీలో ‘ఆపరేషన్ అంటే భయంగా ఉందా?’ అని ఉంది.

"నాకేంది భయం? లేదని పెట్టు," అన్నారు బాబాయి. పిన్ని ఆయన వంక ఒకసారి చూసి ‘లేదు’ నొక్కింది.

మూడో పేజీకి వచ్చాక, వెనక పేజీలో షుగరు గురించి చెప్పింది తప్పేమోనని ఆవిడకు అనుమానం వచ్చింది. వెనక్కి బాణం నొక్కింది. వెంటనే తెర మీద ఒక హెచ్చరిక డబ్బా వచ్చి పడింది. పిన్ని కూడబలుక్కుని పైకే చదివింది. "ఈ పేజీ వదిలి వెళ్ళిపోతారా? మీ వివరాలన్నీ పోతాయి." దాని కింద రెండు బటన్లు. ఒకటి ‘వెళ్ళిపోతాను’. రెండోది ‘ఉంటాను’.

పిన్ని ఫోన్‌ను నిప్పు పట్టుకున్నట్టు చాప మీద పడేసింది.

"థూ! దీని నోరు పడిపోను! అంగడికి పోయేటప్పుడు కూడా ‘పోతా’ అనం కదమ్మే, ‘పోయొస్తా’ అంటాం. గుండె కోయించుకునే మనిషి పేరు పెట్టుకుని ‘వెళ్ళిపోతాను’ అని నన్ను నొక్కమంటాదా ఇది? నా చేత్తో?"

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ మాటను బటన్ మీద అతికించింది నేనే కదా. "ఉంటాను నొక్కు పిన్నీ, ఏం కాదు," అన్నాను. నొక్కితే మూడో పేజీలోనే ఉంచేసింది. వెనక్కి వెళ్ళాలంటే మళ్ళీ అదే డబ్బా.

బాబాయి గుమ్మంలోంచి అంతా విన్నారు. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి, ముఖం తెల్లబోయింది. "చూసినావా, ఫోనే చెప్తా ఉండాది. శకునం బాలేదు. ఇప్పుడొద్దులే," అని వాకిలి మెట్లు దిగిపోయారు. ఆయన వెనకే పిన్ని గేటు దాకా వెళ్ళి బతిమాలి తిరిగొచ్చేసరికి చాలాసేపు ఎవరూ ముట్టుకోలేదని ఫారం దానంతటదే మూసుకుపోయి, తెర మీద మళ్ళీ "మీ పేరు?" అని ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ రోజు చూశాను.

పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నువ్వు చేసిందే కదమ్మే ఇది? ఎట్టో ఒకట్టా సరి చెయ్యి. ఆయన్ను నేను చూసుకుంటా," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు అరికాలి మంట నెత్తికెక్కిన దానిలా ఆఫీసుకు వెళ్ళాను. మా జట్టును నడిపే లీడ్ తమిళావిడ. డబ్బా చూపించి, అందులో ఏముందో తమిళంలో చెప్పాను. ఇంత చిన్న మాటకా ఈ గోల అంటుందనుకున్నాను. ఆవిడ చెంపలు వేసుకుంది. "అయ్యయ్యో! మా అమ్మమ్మ ఉంటే ఈ లాప్‌టాప్‌ను ఇంట్లోకే రానిచ్చేది కాదు," అంది. తమిళంలోనూ అంతే కదా, ‘పోయిట్టు వరేన్’, వెళ్ళొస్తాను అనే అంటారు గానీ, ఉత్తగా పోతానని ఎవరంటారు?

నేను అప్పటికప్పుడు ‘వెళ్ళిపోతాను’ తీసేసి ‘వెళ్ళొస్తాను’ అని పెట్టి గర్వంగా చూపించాను. లీడ్ కాసేపు చూసి, "మాట బాగుంది. మరి వెళ్ళొచ్చినవాళ్ళకు ఏం కనిపిస్తుంది?" అంది.

ఖాళీ పేజీ కనిపిస్తుంది. అదే చెప్పాను.

"అయితే అది అబద్ధం కదా," అంది.

ఆవిడ ఆ మాట అన్నందుకు నేనిప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. మాట ఒక్కటే మార్చి ఊరుకుని ఉంటే పిన్నిని రెండోసారి మోసం చేసినదాన్నయ్యేదాన్ని. మనిషి వెళ్ళొస్తానంటే, తిరిగి వచ్చేదాకా తన చోటు తనకు ఉండాలి. పేజీ దాటిన ప్రతిసారీ జవాబులు దాచిపెట్టాలి. ఫోన్‌లోనే దాచేద్దామన్నాను నేను, అది సులువు. వద్దంది లీడ్. ఇంట్లో ఒకే ఫోన్ నలుగురు వాడుకుంటారు, ఒకరి జబ్బులు ఇంకొకరి కంట పడకూడదు. కాబట్టి ఆసుపత్రి సర్వర్లోనే దాచి, మొదటి పేజీలో పెట్టుకున్న రహస్య సంఖ్య కొడితేనే తెరుచుకునేలా చేశాం.

ఆసుపత్రివాళ్ళను ఒప్పించడం లీడ్ తన నెత్తిన వేసుకుంది. తొండియార్‌పేట నుంచి వచ్చే అమ్మాయి ఒకతె మా దగ్గర టెస్టింగ్ చేస్తుంది. ఆ మహాతల్లి లిఫ్టులోకి వెళ్ళి సిగ్నల్ పోగొట్టి, సగం మాట కొట్టి ఫోన్ ఆపేసి, బాణాన్ని టకటకా నొక్కి, నేను చేసిందాన్ని విరగ్గొట్టడానికి చేయని పని లేదు. విరిగిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది, గొణుక్కుంటూ సరిచేసేదాన్ని. వాళ్ళిద్దరూ బాబాయిని చూసింది లేదు. ఆయన కోసం అన్నం కూడా సరిగ్గా తినకుండా కూర్చున్నారు. ఎంత మంచి మనుషుల మధ్య పడ్డానో అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శుక్రవారం మధ్యాహ్నానికి కొత్త ఫారం ఆసుపత్రి సైట్లోకి ఎక్కింది. నేను ఆఫీసు నుంచి ఇంటికి పరిగెత్తాను.

పిన్ని మళ్ళీ మొదటి నుంచి, మంగళవారం చెప్పిన జవాబులతోనే నింపింది. బాబాయి పక్క గదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, చదువుతున్నట్టు నటన. మూడో పేజీలో పిన్ని కావాలనే బాణం నొక్కి, ఆయనకు వినపడేలా గొంతెత్తి చదివింది. "మీ జవాబులు భద్రంగా ఉంటాయి. వెళ్ళొస్తారా?" కింద ఉన్న ‘వెళ్ళొస్తాను’ నొక్కి, ఫోన్ పక్కన పెట్టి, వంటింట్లోకి పోయి కాఫీ గ్లాసులు కడిగి వచ్చింది. వచ్చి రహస్య సంఖ్య కొట్టి తెరిస్తే, "మళ్ళీ వచ్చారు, సంతోషం. మూడో పేజీ దగ్గర ఆగారు," అని ఉంది. చెప్పినవన్నీ చెప్పినట్టే ఉన్నాయి.

పేపరు పక్కకు జరిగింది. బాబాయి లేచి వచ్చి ఫోన్ లాక్కున్నారు. తనే నొక్కారు, మూశారు, పిన్ని చెప్పిన అంకెలు కొట్టి తెరిచారు. ఉంది. మళ్ళీ నొక్కారు, ఈసారి ఫోనే ఆపేసి వేశారు. ఉంది. పిన్ని, "చాలు, అరిగిపోతాది," అంది. నేను మాత్రం గోడ గడియారం వంక చూస్తూ లోపల్లోపల ఉడికిపోతున్నాను. గడువు దగ్గర పడుతోంది.

ఆయన నన్ను చూసి మెల్లగా అడిగారు. "వెనక్కి పోయి, ఆడ ముందు చెప్పింది మార్చొచ్చామ్మా?"

"మార్చొచ్చు బాబాయీ."

"రెండో పేజీలో ఒకటి అబద్ధం చెప్పినా. భయం లేదన్నా. ఉండాది. చానా ఉండాది. అట్టనే పెట్టు."

నేను రెండో పేజీకి వెళ్ళి ‘ఉంది’ నొక్కాను. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆయన్ను తరిమి తరిమి ఆసుపత్రికి తోలుతున్న మనిషి, నా వైపు తిరిగి అడిగింది.

"నాకూ భయంగా ఉండాదమ్మే. నాది ఏ పేజీలో పెట్టాలి?"

అలాంటి పేజీ లేదు. రోగి భార్యను ఆ మాట అడగాలని మాలో ఎవరికీ తట్టలేదు. బాబాయే వేలు పెట్టి చూపించారు. ఆ ప్రశ్న కింద ‘ఇంకేమైనా చెప్పాలనుకుంటే’ అని చిన్న గడి ఉంది. "ఇద్దరికీ అని రాయి. సరిపోతాది," అన్నారు. రాశాను. చివరి పేజీలో ‘పంపండి’ ఆయనే నొక్కారు, గడువుకు కాస్త ముందు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు కింద వాటాలో పప్పులో ఉప్పు లేదని రోజూ ఇల్లు పీకి పందిరేస్తున్నారు. ఆ అరుపులు పైకి వినపడుతుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

ఆసుపత్రిలో జరిగింది పిన్ని ఇంటికొచ్చాక చెప్పింది. ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం, చూసిపోయే వేళ అయిపోయింది, ఇక బయటికి పంపించేస్తారని పిన్ని సంచీ సర్దుకుంటోందట. ఒక నర్సు లోపలికి వచ్చింది. చేతిలో సూదీ లేదు, మందూ లేదు. రెండు కుర్చీలు మోసుకొచ్చింది. ఒకటి మంచానికి ఆ పక్క వేసుకుని తను కూర్చుంది, ఇంకొకటి ఈ పక్క వేసి పిన్నిని కూర్చోమంది.

బాబాయికి అర్థం కాలేదు. "ఎందుకమ్మా ఇదంతా?" అని అడిగారట.

"ఫారంలో మీరే రాశారు కదా అయ్యా," అందట ఆ అమ్మాయి, "ఇద్దరికీ అని."