ఎక్కేవాళ్ళకే దారి

మా సైకిళ్ళ గుంపులో ఒక నియమం ఉంది. సన్నటి దారిలో ఒకరు పైకి ఎక్కుతూ, ఒకరు కిందికి దిగుతూ ఎదురుపడితే దిగేవాళ్ళు ఆగాలి. ఎక్కేవాళ్ళకి దారి ఇవ్వాలి. దిగేవాళ్ళు ఆగినా మళ్ళీ సులువుగా కదులుతారు. ఎక్కేవాళ్ళు ఒక్కసారి కాలు కింద పెట్టారంటే అక్కడితో సరి. రాళ్ళ మీద వెనక చక్రం ఊరికే తిరుగుతుంది తప్ప బండి ముందుకు పోదు. ఇంత చిన్న సంగతి. ఇది నా ఒంటికి పట్టడానికి రెండు చలికాలాలు పట్టింది.

నేను ఖరగ్‌పూర్‌లో, రైల్వే లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర పనిచేసి రిటైరైన మనిషిని. మా ఆయన పట్టాల గ్యాంగులో పనిచేస్తుండగానే పోయాడు. ఆయన బదులు నన్ను తీసుకున్నారు. మొదట ఆఫీసులో మంచినీళ్ళు పెట్టే పని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, జీతం కాగితం మీద వేలిముద్రే. నలభై దాటాక మా అమ్మాయి చిన్నప్పటి వాచకాలు ముందేసుకుని తెలుగు నేర్చుకున్నాను. రిజిస్టరు రాయడానికి కావలసినంత ఇంగ్లీషు తర్వాత వచ్చింది. అది వచ్చాకే గేటు ఇచ్చారు. ఆ గేటుకి రోజూ పట్టాల పక్కన కంకర మీద సైకిల్ తొక్కుకుంటూ పోయేదాన్ని. అందువల్ల సైకిల్ నాకేమీ కొత్త కాదు. అడవిలో తొక్కడమే కొత్త.

నన్ను ఇందులోకి లాగింది మా వీధిలో ఉండే బట్టల కొట్టు ఆయన. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అప్పా అంటాడు, మా శ్రీకాకుళం వైపు అక్కని అలాగే పిలుస్తారు. ఆయనకి షుగరు వచ్చింది. రోజంతా కొట్టులో కూర్చునే ఒళ్ళు, చెమట పట్టాలన్నాడట డాక్టరు. ప్రేమ్ బజార్‌లో సైకిళ్ళు బాగుచేసే ఒక బెంగాలీ ఆయన ఉన్నాడు, అందరికీ దాదా, అంటే అన్న. ఆదివారం పొద్దున్నే పదిమందిని వెంటేసుకుని ఊరి బయట ఎర్ర మట్టి అడవిలో తిప్పి తీసుకొస్తాడు. మా బట్టల కొట్టు ఆయన అందులో చేరాడు. చేరిన మర్నాడే మా గుమ్మంలోకి వచ్చాడు.

“అప్పా, ఆదివారం పొద్దున్న ఏటి సేస్తావు?”

“బట్టలు ఉతుక్కుంటాను.”

“అయి సోమారం ఉతుక్కో. నువ్వు కూడా అడివికి రా. అక్కడన్నీ కాలేజీ పిల్లలు, నన్ను సూసి నవ్వుతన్నారు.”

“నన్ను సూసి నవ్వరేటి?”

“నిన్ను సూత్తే భయపడతారు. నాకు కావాల్సింది అదే.”

దాదా తన షాపులో మూల పడి ఉన్న ఒక పాత గేర్ల సైకిల్ నాకు తుడిచి ఇచ్చాడు. లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు. మౌంటెన్ సైకిల్ అన్నాడు. ఖరగ్‌పూర్‌లో మౌంటెన్ ఎక్కడుందయ్యా అని అడిగాను. “ఛోటో ఆఛే, మాసీ,” అన్నాడు. చిన్నది ఉందట. మాసీ అంటే పిన్ని.

ఉంది. ఫ్యాక్టరీలన్నీ వెనకబడ్డాక శాలచెట్ల అడవి మొదలవుతుంది. లోపల ఎండిపోయిన వాగు ఒకటి. ఆ వాగులోంచి ఎర్ర మొరం గట్టు మీదికి ఒక దారి లేస్తుంది. రెండు వైపులా ముళ్ళ పొదలు, మధ్యలో ఒక సైకిల్ పట్టేంత జాగా, కాలి కింద గోలీల్లాంటి రాళ్ళు. అందరూ దాన్ని చడాయి అంటారు, అంటే ఎక్కుడు. కాలు కింద పెట్టకుండా దాన్ని ఎక్కినవాళ్ళే ఆ గుంపులో సైకిలిస్టు కింద లెక్క. మిగతావాళ్ళు నాలాంటి వాళ్ళు, తోసుకుంటూ పైకి పోయేవాళ్ళు.

తక్కిన మర్యాదలు నాకు ఒక్క వారంలో వచ్చేశాయి. అడవిలో అడుగుపెట్టే ముందు దాని అంచునున్న ఊళ్ళో ఆగి ఏనుగులు ఎటున్నాయో అడగాలి. మేకలు ఎదురైతే బండి దిగి నడవాలి. దారిలో ఎవరైనా ఎండబెట్టుకున్న ఆకుల మీద చక్రం పోనివ్వకూడదు. ఊరివాళ్ళని దాటేటప్పుడు గంట కొట్టడం కాదు, నోరు తెరిచి పలకరించాలి. మన వెనక ఇంకెంతమంది వస్తున్నారో ఎదుటివాళ్ళకి చెప్పి పోవాలి. వాన పడిన మర్నాడు మెత్తటి దారిని చక్రాలతో దున్నిపారేయకూడదు. ఎవరైనా పడితే ముందు మనిషిని చూడాలి, తర్వాత సైకిల్ని. ఒక కాలేజీ కుర్రాడు బిస్కెట్ కవరు పొదలోకి విసిరితే వాడి చేతే తీయించి, వాడి జేబులోనే పెట్టించాను. వాడు ఇప్పటికీ నా ముందు బిస్కెట్ తినడు.

అన్నీ వచ్చాయి గానీ ఆ ఒక్కటే రాలేదు. చడాయి సగం ఎక్కుతాను. పైనుంచి ఎవరో దిగుతున్న చప్పుడు వినిపిస్తుంది, రాళ్ళు దొర్లుతాయి, బ్రేకులు కీచుమంటాయి. అంతే. నా కాలు నేల మీద ఉంటుంది, సైకిల్ పొదలో ఉంటుంది, నేను పక్కన నిటారుగా నిలబడి ఉంటాను. దిగేవాళ్ళు ఝామ్మని పోతారు. ఎప్పుడు దిగానో నాకే తెలియదు.

దాదా పైనుంచి అరిచేవాడు, “మాసీ, నామ్‌బే నా.” దిగొద్దు, దిగొద్దని. నేను అప్పటికే దిగిపోయి ఉండేదాన్ని.

ఇది మంచితనం అనుకున్నారు కొందరు. కాదు. భయమా అంటే అదీ కాదు. గేటు దగ్గర లారీ డ్రైవర్లు నన్ను నానా మాటలూ అన్నారు, ఒక్కడికీ గేటు ఎత్తలేదు. అయితే ఆ గేటు పనిలో ఒకటుంది. స్టేషను నుంచి ఫోను వస్తుంది, గేటు వేస్తావు, నంబరు రాసుకుంటావు, జెండా పట్టుకుని పక్కన నిలబడతావు. బండి దూసుకుపోతుంది. మొత్తం పోయేదాకా కదలకూడదు. ఎండైనా అంతే, వానైనా అంతే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నా ఒళ్ళు అదే నేర్చుకుంది. వేగంగా వచ్చేదానికి దారి, నాకు పక్క. చదువు నలభైలో మొదలుపెట్టి నేర్చుకున్నాను గానీ ఈ నేర్చుకున్నది వదిలించుకోవడం అంతకంటే కష్టమైంది.

ఇంతలో మా బట్టల కొట్టు ఆయన చడాయి ఎక్కేశాడు. ఆ పొట్ట వేసుకుని, కాలు కింద పెట్టకుండా. వారం రోజులు కొట్టుకి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు. చీర కొనడానికి వచ్చినవాళ్ళు చడాయి కథ విని గానీ చీర చూడలేకపోయారు. నాకు ఒళ్ళు మండింది.

“అప్పా, నువ్వింకా గేటు కాడే ఉన్నావు,” అన్నాడు ఒకరోజు.

“నీకు ఎదురు ఎవడూ రానేదు గనక ఎక్కేసినావు.”

“ఎవడొచ్చినా దిగను నేను. నువ్వు దిగిపోతావు. రైలొచ్చిందనుకుంటావో ఏటో.”

నవ్వాడు. నేను నవ్వలేదు. అన్న మాట నిజం కాబట్టి.

రెండో చలికాలంలో ఒక ఆదివారం ఇంకోటి జరిగింది. ఊళ్ళోంచి ఒక సంతాల్ ఆమె శాల ఆకుల మోపు నెత్తిన పెట్టుకుని చడాయి ఎక్కుతోంది. మా గుంపులోనే ఒక ఇంజనీరు బాబు పైనుంచి వేగంగా దిగాడు. ఆమె ఒక్క గెంతు గెంతి ముళ్ళలోకి తప్పుకుంది. మోపు కింద పడి ఆకులు వాగు దాకా చెదిరాయి. ఆ బాబు ఆగాడు, సారీ చెప్పాడు, ఆకులు ఏరాడు కూడా. అయితే అందరం టీ తాగేటప్పుడు దాదా అతన్ని కడిగేస్తుంటే అతను నా వైపు చూపించి, “మాసీ ఎప్పుడూ తప్పుకుంటుంది కదా, ఈమె కూడా తప్పుకుంటుందనుకున్నాను,” అన్నాడు హిందీలో.

నా చేతిలో ఉన్న మరమరాల పొట్లం మడిచి పక్కన పెట్టేశాను.

దాదా అతన్ని వదిలేసి నా వైపు తిరిగాడు. “మాసీ, మీరు మర్యాద చేస్తున్నాననుకుంటున్నారు. దిగేవాళ్ళకి తప్పు నేర్పుతున్నారు,” అన్నాడు.

నాకు ఎవరైనా మెత్తగా చెబితే తలకెక్కదు. అది మెత్తగా చెప్పిన మాట కాదు, అందుకే ఎక్కింది. నేను దిగితే పోయేది నా ఎక్కుడు ఒక్కటే అనుకున్నాను అన్నాళ్ళూ. కాదు, నా వెనక ఎవరు ఎక్కినా వాళ్ళ దారి కూడా పోతోంది.

తర్వాత నేను చేసిన పని చెబితే కొందరు నవ్వారు. బట్టల కొట్టు ఆయన్ని పట్టుకెళ్ళి చడాయి పైన నిలబెట్టాను. “నేను సగం ఎక్కేసరికి నువ్వు నా మీదకి దిగు. గట్టిగా దిగు,” అన్నాను.

“గుద్దుకుంటే?”

“నువ్వు ఆపుకోవాల. రూలు నీకే.”

“నా పెళ్ళానికి ఏటి సెప్పమంటావు?”

“నేను సెప్తాను. దిగు.”

మొదటిసారి దిగిపోయాను. రెండోసారి దిగిపోయాను. మూడోసారి ఆయనే బెదిరి పొదలోకి పోయాడు, నేను ఆయన్ని లేపడానికి దిగిపోయాను. ఇలా నాలుగు ఆదివారాలు. ఆయన చేతుల నిండా ముళ్ళ గీతలు. కొట్టులో చీర మడత విప్పితే జనం చీర వదిలేసి చేతులు చూసేవారు. పిల్లిని పెంచుతున్నానని చెప్పుకున్నాడు.

మాఘమాసం. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఆ పొద్దున దాదా మిగతావాళ్ళతో ముందే పైకి పోయాడు. నేను వాగులో ఆగి గేరు మార్చుకున్నాను, ముందు చిన్న పళ్ళ చక్రం, వెనక పెద్దది. సీటు కొస మీదికి జరిగి, ఛాతీ హ్యాండిల్ మీదికి వంచి మొదలుపెట్టాను. లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం జారుతుంది, కూర్చునే తొక్కాలి. నా వెనక ఇరవై గజాల్లో బట్టల కొట్టు ఆయన రొప్పు వినిపిస్తోంది.

సగానికి వచ్చాను. పైన రాళ్ళు దొర్లాయి.

మా వాళ్ళు కాదు. వేరే ఊరి గుంపు, నలుగురు, ఖరీదైన హెల్మెట్లు, నల్ల కళ్ళద్దాలు. ముందున్నవాడు నన్ను చూశాడు. చూసి కూడా “సైడ్, సైడ్” అని అరిచాడు. వాడు వేగం తగ్గించలేదు. తగ్గించాల్సిన పని ఉందని కూడా వాడికి తట్టినట్టు లేదు.

నా కుడికాలు పెడల్ మీద సడలింది. అది నాకు తెలిసింది. ఈసారి ముందుగానే తెలిసింది, అదే తేడా. పెడల్ని కిందికి నొక్కాను. ఇంకోసారి నొక్కాను. గేటు దగ్గర లారీలని ఆపిన గొంతు ఎక్కడికీ పోలేదు.

“రుకో. ఊపర్ జానేవాలా పహ్లే.” పైకి పోయేవాళ్ళు ముందు అన్నాను. ఇంకేమీ అనలేదు, ఊపిరి లేదు.

వాడు బ్రేకులు పట్టాడు. చక్రం రెండు బారలు జారి నా ముందు చక్రానికి మూరెడు దూరంలో పక్కకి తిరిగింది, వాడు సైకిల్‌తో సహా పొదలోకి పోయాడు. వాడి వెనకవాళ్ళు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ఆగి, దిగి, సైకిళ్ళు ఎత్తి పట్టుకుని ముళ్ళకి ఆనుకుని నిలబడ్డారు. నేను వాళ్ళ ముందునుంచి పోయాను. నడిచేంత నెమ్మదిగా పోయాను. ఒక్కొక్కరినీ దాటడానికి చాలాసేపు పట్టినట్టు అనిపించింది. పొదలో పడ్డవాడిని దాటుతూ “చోట్ లగా?” అని అడిగాను. దెబ్బ తగల్లేదని తల ఊపాడు. మనిషిని చూశాను, ఇక ఆగక్కర్లేదు.

చివర్లో ఒక శాల వేరు అడ్డంగా ఉంటుంది. ముందు చక్రం దాని మీద ఎగిరింది, వెనకది తన్నుకుంది, నిలబడిపోయినట్టే అయింది. తొడలు మంట. ఇంకొక్క తొక్కు తొక్కాను. చక్రం వేరు దాటింది. ఆ తర్వాత అంతా చదును.

దాదా అక్కడే ఉన్నాడు. చప్పట్లు కొట్టలేదు. నా చెప్పుల వైపు చూశాడు, మట్టి అంటిందేమోనని. అంటలేదు. “ఠీక్ ఆఛే,” అన్నాడు. ఇంజనీరు బాబు లేచి నిలబడ్డాడు, కూర్చున్నవాడల్లా. నాకు గాలి పీల్చుకోవడమే పెద్ద పని. కానీ నా లోపల ఒక పెద్ద నవ్వు తిరుగుతోంది, నోటిదాకా రావడానికి దానికీ ఊపిరి చాలడం లేదు.

పొదలో పడ్డవాడు సైకిల్ తోసుకుంటూ పైకి వచ్చాడు, వెనకే తక్కిన ముగ్గురూ. నల్ల కళ్ళద్దాలు చేతిలో ఉన్నాయి. “ఆంటీ, ఒక్క అడుగు జరగలేకపోయారా?” అన్నాడు.

“జరగగలను,” అన్నాను. “జరగను.”

వాడు దాదా వైపు చూశాడు. దాదా వాడికి నియమం చెప్పాడు, ఎందుకో కూడా చెప్పాడు. వాడు విన్నాడు. కిందికి పోయేటప్పుడు వాళ్ళు నలుగురూ నెమ్మదిగా, దారంతా వస్తున్నామని కేకలు వేసుకుంటూ దిగారు.

అప్పుడు వచ్చాడు మా బట్టల కొట్టు ఆయన, సైకిల్ తోసుకుంటూ, ముఖం ఎర్రగా.

“ఏటి, దిగిపోయినావా?” అన్నాను.

“నిన్ను సూస్తా ఉండిపోయినాను. తొక్కడం మరిసిపోయినాను.”

“ఎదురెవరూ రాకపోయినా దిగినావన్నమాట.”

“నా వల్లే ఎక్కినావు నువ్వు. ఈ గీతలు సూడు.”

“అందుకే నీకు ఇంకో సాన్సు. పద కిందకి, మళ్ళీ ఎక్కుదాం.”

“ఇప్పుడా? టీ నేదేటి?”

“ఎక్కినాక.”

ఇద్దరం వాగులోకి దిగి మళ్ళీ ఎక్కాం. ఆయన ముందు, నేను వెనక. ఇద్దరిలో ఎవరమూ కాలు కింద పెట్టలేదు. ఆ రెండోసారి దారిలో ఎవరూ ఎదురు రాలేదు, అందుకని నేను ఎక్కినదాన్ని గొప్పగా చెప్పుకోను. ఆయన మాత్రం తను ఎక్కినదాన్ని కొట్టులో చెప్పుకుంటున్నాడు.