బైపాస్ మలుపు కాడ పెద్దమనిషి

సూర్యాపేటల మా అమ్మ హోటల్ పాత హైవే మీదనే ఉండేది. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే ప్రైవేటు బస్సులు, కార్లు మా ముందర ఆగేటివి. నాన్న పోయినంక నన్ను టీచర్ని చేసింది ఆ షెడ్డే.

మా పక్కన మూడంతస్తుల లాడ్జి. దాని ఓనరే మా వీధికి పెద్దమనిషి. ఆ బిరుదు ఎవరిచ్చిన్రో నాకిప్పటికీ తెల్వది. రోడ్డు మీద గుంత పడితే అందరూ ఆయన దగ్గరికే పోయేటోళ్లు. ఆయన గంభీరంగ తల ఊపెటోడు. గుంత గుంతలాగనే ఉండేది. అయినా మావోళ్లు ఆయన తల ఊపిన తీరును సాయంత్రం దాకా మెచ్చుకునేటోళ్లు.

అట్లాంటి రోజుల్లనే ఊరి బయట నుంచి బైపాస్ పడ్డది. అటెనుక మా రోడ్డు మీద హారన్ మోత తగ్గింది. పల్లెవెలుగు బస్సులు తప్ప ఇంకేవీ రాలే. అమ్మ దింపిన ఇడ్లీలు మధ్యాహ్నానికి గట్టిపడి, సాయంత్రం బర్రెల కుడితిల పడేటివి.

లాడ్జి ఓనరు అందర్నీ పిలిచి, "బస్సులు ఊర్లకు రావాలె. రాకపోతే రోడ్డుకు అడ్డం పండుదాం. ముందుగాల నేనే పంట" అన్నడు. జేబురుమాలు తీసి కండ్లు ఒత్తుకున్నడు. మా వీధంతా ఏడ్చింది. నాకు కూడా కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఇగ నా తెలివెంతో మీరే అనుకోండి.

బైపాస్ మొదలయ్యే మలుపు కాడ ధర్నాకు కూసున్నం. అమ్మ గంగాళం నిండా ఉప్మా చేసి తెచ్చింది. లాడ్జి ఓనరు టెంటు కింద కుర్చీల కూసున్నడు, మేం తారు మీద. ఎండ నడినెత్తికి రాకముందే ఆఫీసర్లు వచ్చిన్రు. ఆయన ఒక్కడే వాళ్ల జీపు ఎక్కి మాట్లాడిండు. దిగి చెయ్యి పైకెత్తి, "గెలిచినం! ఇగ బస్సులు గీడ్నే, ఈ మలుపు కాడ ఆగుతయి" అని అరిచిండు.

"ఊర్లకు రావా అన్నా?" అని అడిగింది అమ్మ.

"ఊరి మొగదల ఆగితే ఊర్లకు వచ్చినట్టే కద చెల్లె."

మావోళ్లు చప్పట్లు కొట్టిన్రు. చప్పట్లు కొడుతనే ఇండ్లకు పోయిన్రు.

ఆ మలుపు కాడి చెలక భూమి ఆయన ఎన్నడో బామ్మర్ది పేరు మీద కొన్నడని పునాదులు తీస్తుంటే తెలిసింది. ఏసీ హోటల్ లేచింది. ప్రారంభానికి మమ్మల్ని కూడ పిలిచిండు. అమ్మ పోదామంటే పోయినం. గోడలకు రంగులేసిన ఎడ్లబండి చక్రాలు, నెత్తికి రుమాళ్లు చుట్టిచ్చిన సర్వర్లు, పైన 'పల్లె రుచులు' అని బోర్డు. వెనక కిటికీ తెరిస్తే నిజమైన పొలాలే కనపడుతయి. కానీ కిటికీకి పరదా కట్టిన్రు, ఎండ కొడుతదని.

ఆయన మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డడు. "చెల్లె, వంటింట్ల నమ్మకమైన మనిషి కావాలె. నువ్వొస్తవా? యూనిఫాం ఇస్తం, నెత్తికి టోపీ గుడ ఇస్తం."

అమ్మ సాంబారు గిన్నె పక్కకు జరిపింది. "టోపీ ధర్నా నాడే పెట్టినవ్ కదన్నా. ఇంకొకటెందుకు?"

ఆయన పెద్దగ నవ్విండు. సిగ్గుపడతడని నేను అటే చూసిన. సిగ్గు ఆయన మొఖం మీదికి రానే రాలే. పక్క బల్ల కాడికి పోయి అదే నవ్వు నవ్విండు.

అమ్మ షెడ్డు ఖాళీ చేసి, మార్కెట్ యార్డు గేటు కాడ పొయ్యి పెట్టింది. తుంగతుర్తి దిక్కు నుంచి వడ్లు తెచ్చే రైతులు, హమాలీలు తింటరు. పంటలొచ్చినప్పుడు ఊపిరాడదు, మిగిలిన నెలలు ఈగలు తోలుకునుడే. నేను మిర్యాలగూడల పని చేస్తున్న. ఆదివారాలు వచ్చి సాయం చేస్త. అదే ఆదివారం మా పాత వీధోళ్లు పిల్లలకు మంచి బట్టలేసి, ఏసీ హోటల్‌కు పోయి చక్రాల పక్కన ఫోటోలు దిగుతరు. వాళ్ల దుకాణాలను ఎండబెట్టినోని దగ్గరికే పోయి, బిల్లు కట్టి, దండం పెట్టి వస్తరు.

మున్సిపల్ ఎలక్షన్లల్ల ఆయన నిలబడ్డడు. 'పాత రోడ్డుకు పాత వెలుగు' అని పాంప్లెట్లు. మందీ మార్బలంతోని యార్డుకొచ్చి, ఫోటోగ్రాఫర్‌ను ముందుకు పిలిచి, "చెల్లె, నీ చేతి ఇడ్లీ తిని ఎన్ని రోజులాయె!" అని ప్లేటుకు చెయ్యి చాపిండు.

"లైన్ల రా అన్నా" అన్నది అమ్మ.

ముందర పదిమంది హమాలీలున్నరు. ఒక్కడు జరగలే. ఆయన కొంచెంసేపు నిలబడి, ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకొని కారెక్కిండు.

అయినా గెలిచిండు. మా పాత వీధిలనే ఎక్కువ ఓట్లు పడ్డయట. కోదాడ నుంచి డీజే తెప్పించి, మూతపడ్డ షట్టర్ల ముందర నుంచే ఊరేగించిన్రు. షట్టర్ల ఓనర్లే ముందుండి ఎగిరిన్రు.

ఆ మోత యార్డు దాక వినపడుతున్నది. "నువ్వెవరికేసినవమ్మా?" అని అడిగిన.

"అదంత నీకెందుకు? హమాలీలొచ్చే యాళ్లయింది, బియ్యం కడుగు" అన్నది.