ఆల్బీ నీడ

మా ఆస్ట్రేలియా తూర్పు ఒడ్డున, సర్ఫర్స్ బీచిలో మధ్యాహ్నం తిరిగిందంటే చాలు, మేమంతా తువ్వాళ్లు దులుపుకుని లేచి నీళ్లవైపు జరిగి మళ్లీ పడుకునేవాళ్లం. వెనకాల పెలికాన్ టవర్ నీడ ఇసుక మీద పాక్కుంటూ వచ్చేది మరి. "లేవండర్రా, ఆల్బీ వచ్చాడు!" అని ఎవరో ఒకరు అరిచేవారు. ఆ టవర్‌కి ప్లాను గీసినవాడు ఆల్బీ మార్స్‌డెన్. ఊరి ఎండ దొంగిలించిన మొదటి మనిషని అతనికి పేరు. ఆ మాటకి కోపం రాకపోగా, మహాశయుడు కాలరెగరేసుకునేవాడు.

నా పేరు నోరీన్. పెలికాన్ కట్టిన ఏడాది నుంచి దాని బాగోగులన్నీ నావే. తాళాలు, ఈతకొలను, లిఫ్టు చెడిపోతే అందరి చేతా తిట్లు తినడం. మా ఆయన పోయాక కూడా, కింది అంతస్తులో మేం కొనుక్కున్న ఫ్లాటులోనే ఉండిపోయాను. ఆల్బీకి వచ్చిన బహుమతుల సంగతి పత్రికలవాళ్లు రాశారు. మిగతాది నాకు తెలుసు, ఎందుకంటే అతను ఇసుక కాళ్లతో లిఫ్టెక్కితే తుడిచింది నేను.

వాళ్ల నాన్న విక్ వడ్రంగి. యుద్ధం నుంచి తిరిగొచ్చి, తర్వాత టవర్ లేచిన ఇదే ఇసుక దిబ్బ మీద తన చేత్తో రేకుల ఇల్లు కట్టుకున్నాడు. ముందు వరండా, వరండాలో రెండు కుర్చీలు, పెరట్లో రొయ్యలు ఉడకబెట్టే రాగి డేగిసా. ఆల్బీ అక్కడే పెరిగాడు. బ్రిస్బేన్ వెళ్లి పగలు ఆఫీసులో కట్టడాల బొమ్మలు గీస్తూ, సాయంత్రాలు చదువుకుంటూ పైకొచ్చాడు. చంకలో పొడుగాటి కాగితాల చుట్టతో ఇంటికి తిరిగొచ్చి, తండ్రిని ఆ స్థలం ఇమ్మని కూర్చున్నాడు. ఆ సంభాషణ విక్ నాకు ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పిన ప్రతిసారీ కొడుకు గొంతు పెట్టి మరీ చెప్పేవాడు.

"అదే సముద్రం నాన్నా. కాస్త పైనుంచి చూస్తావు, అంతే."

"నాకిక్కణ్ణుంచి బానే కనబడుతోంది కదరా."

"నీ ఒక్కడికే కనబడితే సరిపోతుందా? ఊళ్లో ఇంకెవరూ చూడొద్దా?"

విక్ వాదించే మనిషి కాదు. ఇల్లు కూల్చినరోజు పబ్బులో కూర్చుని, చీకటి పడేదాకా బయటికి రాలేదు. టవర్ లేచాక కొడుకు అతనికి పై అంతస్తులో మంచి ఫ్లాటు ఇచ్చాడు. అంత ఫ్లాటులోనూ విక్ ఒక్కసారైనా బాల్కనీలోకి అడుగుపెట్టలేదు. సముద్రానికి వీపు పెట్టి కూర్చుని టీవీలో క్రికెట్ చూసేవాడు.

"కాసేపు గాలికి కూర్చోవచ్చుగా విక్ గారూ?" అన్నాను ఒకసారి.

"కింద నేల లేనిచోట కుర్చీ ఎట్లా వెయ్యనమ్మాయ్?" అన్నాడు.

ఎక్కువకాలం బతకలేదు పాపం. అంత్యక్రియలైన మర్నాడే ఆల్బీ రెండో టవర్ పనికి పోయాడు. నాకు ఒళ్లు మండింది. కానీ నేనెవర్ని అడగడానికి?

ఆల్బీకి పేరు తెచ్చినవి బాల్కనీలు. బిస్కట్ల మాదిరి పల్చగా ఉండేవి. బీచిలోంచి చూస్తే ఇవి గాల్లో ఎట్లా ఆగాయిరా బాబూ అనిపించేది. "చూస్తే భయమెయ్యాలి, ఎక్కితే వెయ్యకూడదు. అదీ పనంటే" అనేవాడు. అంత పల్చన రావాలంటే లోపలి ఇనుప చువ్వల మీద కాంక్రీటు పేరుకి ఉంటుంది, అంతే. ఆ సంగతి అప్పుడెవరికి పట్టింది? ఒడ్డు పొడుగునా టవర్ వెంట టవర్ లేచింది. కట్టించే ప్రతివాడికీ ఆల్బీ బాల్కనీలే కావాలి. తెల్ల బూట్లేసుకున్న డబ్బున్నవాళ్లు అతని చుట్టూ ఈగల్లా ముసిరారు. అతని కళ్లు నెత్తికెక్కాయి, కాదనను. తన పుట్టినరోజు విందుకి తనే రాకపోతే, భార్య గ్లెనిస్ ఆ కేకు తీసుకెళ్లి బాల్కనీలోంచి ఈతకొలనులోకి గిరాటేసింది. ఆ క్రీము తోడలేక చచ్చాను నేను. తర్వాత ఆవిడ టాస్మేనియా వెళ్లిపోయి మరి తిరిగి రాలేదు.

ఉప్పుగాలికి మాత్రం ఏ పేరుతోనూ పనిలేదు. మొదట బాల్కనీల అడుగున టీ ఒలికినట్టు తుప్పు మరకలు కనబడ్డాయి. ఆల్బీ రంగు వేయించమన్నాడు. వేయించాం. మళ్లీ వచ్చాయి. ఒక పొద్దున రొట్టె అంత పెళ్ల ఊడి, ఈతకొలను పక్కనున్న పడక కుర్చీని రెండు ముక్కలు చేసింది. అదృష్టం బాగుండి అందులో ఎవరూ లేరు. అధికారులొచ్చి బాల్కనీ తలుపులన్నిటికీ మేకులు కొట్టించారు.

ఆ తర్వాత కట్టడాల కంపెనీ ఒకటి వచ్చి, మొత్తం కొనేసి కూల్చి కొత్తది కడతామంది. ఫ్లాట్ల సొంతదారుల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు ఒప్పుకుంటే పెలికాన్ పోతుంది, లేదంటే నిలుస్తుంది. అద్దెకిచ్చుకునేవాళ్లు ఎప్పుడో ఒప్పేసుకున్నారు. అందులో కాపురముండే ముసలివాళ్లం ఒప్పుకోలేదు. అక్కడే ఉండే ఆల్బీ, ఒప్పుకోవద్దంటూ కర్ర పట్టుకుని తలుపు తలుపూ తట్టాడు. ఎవరినీ దేనికీ బతిమాలి ఎరగని మనిషి!

"నన్ను ఇందులోంచే మోసుకెళ్లాలి నోరీ. నేను పోయాక ఏమన్నా చేసుకోమను."

"మొయ్యడానికి నలుగురు కావాలి. ముందు వాళ్లతో మంచిగా మాట్లాడటం నేర్చుకో" అన్నాను. నవ్వాడు. అతను నవ్వగా చూడటం అదే ఆఖరు.

కొత్త టవర్ గీసిన పిల్ల టామ్సిన్ ఒకరోజు అతన్ని చూడ్డానికి వచ్చింది. మంచి పిల్ల. కొబ్బరి చల్లిన చాక్లెట్ కేకులు తెచ్చింది.

"మీ పెలికాన్ చూసే నేనీ చదువులోకి వచ్చానండీ" అంటూ కళ్లు మెరిపించుకుంటూ తన టవర్ బొమ్మ బల్ల మీద పరిచింది. పెలికాన్‌కి రెట్టింపు ఎత్తు. "ఇదిగో, పైన మీకో ఫ్లాటు ఉంచుతామన్నారు. అదే సముద్రం మార్స్‌డెన్ గారూ, కాస్త పైనుంచి చూస్తారు, అంతే."

ఆల్బీ చేతిలో కేకు పళ్లెంలో పెట్టేశాడు.

"ఆ మాట నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. నాకే అనిపించింది."

ఆ పిల్లకేం తెలుసు, పాపం. నాకు తెలుసు. కప్పులు కడిగే నెపంతో వంటింట్లోకి పోయి నిలబడ్డాను.

ఓట్లేసే సమావేశం సర్ఫ్ క్లబ్బు హాల్లో పెట్టారు. అవతల, గెలిచినవాళ్లకి పళ్లెం నిండా మాంసం ఇచ్చే లాటరీ జరుగుతోంది, నంబర్లు మాకూ వినబడుతున్నాయి. ఇంజనీరు ఏదేదో చదివాడు. మా ముసలివాళ్లు తలాడించారు తప్ప ఒక్క ముక్క బుర్రకెక్కించుకోలేదు. అందరి చూపూ ఎనిడ్ మీదే. ఎనిడ్ మాలో అందరికన్నా పెద్దది, పెలికాన్‌లో మొదటి ఫ్లాటు కొన్న మనిషి. ఆమె ఎటు చెయ్యెత్తితే మిగతా ముసలి చేతులన్నీ అటే. ఆమె కుర్చీ పట్టుకుని లేచింది.

"ఈ ఇంజనీర్ల భాష నాకొద్దు ఆల్బీ. గీసింది నువ్వు, నువ్వు చెప్పు. ఆ మేకులు పీకించి, బాగుచేయించి, నా కుర్చీ మళ్లీ బయట వేసుకోవచ్చా? వేసుకోమంటే ఇప్పుడే వీళ్లందరినీ ఇంటికి పంపించేస్తా."

వేసుకో అంటే చాలు. ఒక్క మాట. పెలికాన్ నిలిచేది, అతను కోరుకున్నట్టు అందులోనే పోయేవాడు. నేనైతే లోలోపల గింజుకుపోయాను. చెప్పవయ్యా మహానుభావా, వేసుకోమని చెప్పు!

ఆల్బీ కర్ర ఊతగా లేచి నిలబడ్డాడు.

"వద్దు ఎనిడ్" అన్నాడు.

"బాగుచేశాక కూడానా?"

"చేశాక కూడా. ఉప్పు లోపలిదాకా పోయింది. అవి అంత పల్చగా ఉండక్కర్లేదమ్మా. కిందనుంచి చూస్తే నాకు అందంగా ఉంటుందని అలా గీశాను."

ఎనిడ్ అతనివైపు చూస్తూనే కూర్చుంది. చెయ్యెత్తమన్నప్పుడు కూల్చడానికే ఎత్తింది. వెనకే అన్ని చేతులూ లేచాయి. నాదీ లేచింది. ఆల్బీ ఎటూ ఎత్తలేదు. పక్కగదిలో ఎవరికో లాటరీ తగిలింది, చప్పట్లు కొట్టారు.

పెలికాన్‌ని పైనుంచి ఒక్కో అంతస్తే కొరుక్కుంటూ కిందికి వచ్చారు. ఎనిడ్ కూతురింటికి పోయి, కొత్తచోట నిద్రపట్టడం లేదంటూనే కన్నుమూసింది. ఆల్బీ కొత్త ఫ్లాటు వద్దన్నాడు. సముద్రానికి దూరంగా, నెరాంగ్‌లో వృద్ధుల ఆశ్రమంలో చేరాడు. కిందిగది, కిటికీలోంచి కార్లు పెట్టే జాగా కనబడుతుంది. ఒకప్పుడు అతని వెంట పడ్డవాళ్లు ఒక్కరూ తొంగిచూడలేదు. వారానికోసారి నేను పోతాను.

మొన్న నవ్విద్దామని బీచి సంగతి చెప్పాను. "టవర్ లేకపోయినా మాకు అలవాటు పోలేదు ఆల్బీ. మధ్యాహ్నం తిరగ్గానే లేచి తువ్వాళ్లు జరుపుకుంటున్నాం. కొత్తవాళ్లు మాకు మతిపోయిందనుకుంటున్నారు."

అతను నవ్వలేదు. "ఎండ ఉంటోందా అక్కడ?" అని అడిగాడు.

"సాయంత్రం దాకా ఉంటోంది. ఆ పిల్ల టవర్ లేచేదాకానేలే."

"మా నాన్న ఇల్లున్నప్పుడు అట్లాగే ఉండేది" అన్నాడు. తర్వాత కిటికీకి వీపు ఉండేలా కుర్చీ గోడవైపు తిప్పమన్నాడు. తిప్పి, దుప్పటి కాళ్ల మీద కప్పి, బస్సుకి టైమవుతోందని వచ్చేశాను.